దర్జీ కొట్టు ముందు నల్లబల్ల

మా కాలేజీ స్టాఫ్ రూములోకి ఒకావిడ ఎండిపోయిన జీడిమామిడి కొమ్మ పట్టుకుని వచ్చింది. తొంభైల చివర్లో ఒక జనవరి నెల అది. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో నేను జువాలజీ చెప్పేదాన్ని. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. వచ్చినావిడ మా బైపీసీ సెకండియర్ అమ్మాయి తల్లి. కోటవురట్ల దగ్గర ఒక పల్లెలో వాళ్లకి జీడితోట ఉంది. కూతురి మార్కుల గురించి అడగడానికి వచ్చిందనుకుని కుర్చీ చూపించాను. ఆవిడ కూర్చోలేదు. తువ్వాలు మూట విప్పి, ఆ కొమ్మని నేను దిద్దుతున్న పరీక్ష పేపర్ల మీదే పెట్టింది.

"మీ కాడ పెద్దగా కనబడే అద్దం ఉందని మా పిల్ల సెప్పిందమ్మా. దీన్ని కాస్త సూసి సెప్పండి. ఇది మంచేనా?"

కొమ్మ చివర లేతాకులు, పూత రెమ్మలు నల్లగా మాడి వేలాడుతున్నాయి. ఎవరో అగ్గిపుల్ల గీసి అంటించినట్టున్నాయి. మా వైపు జీడితోటలు ఇలా మాడితే అందరిదీ ఒకే మాట, మంచు కొట్టేసిందని. తాతల నాటి నుంచీ అదే అనుకుంటున్నారు. పక్క కుర్చీలో ఉన్న ఫిజిక్స్ మాస్టారు నవ్వి, "మంచు కాకపోతే మరేటమ్మా, అగ్గి పడిందా?" అన్నారు.

ఆవిడ ఆయన వైపు తిరిగింది. "మంచైతే తోటంతా ఒకేలాగ పడతాది గదండీ. మరి ఈ సెట్టు మాడిపోయి, పక్క సెట్టు పచ్చగా ఉండడమేటి?"

నేను విశాఖపట్నంలో ఎమ్మెస్సీ చదివాను. ఒక విషయం నిజమో కాదో ఎలా తేల్చాలో పుస్తకాల్లో చదివి, పరీక్ష కూడా రాశాను. కానీ ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ తట్టలేదు. మంచు కొట్టేసిందనే మాట వింటూ పెరిగాను, ఒక్కసారైనా పక్క చెట్టు వైపు చూడలేదు. సిగ్గేసింది. "శనివారం పొద్దున్నే మీ తోటకి వస్తాను" అన్నాను.

శనివారం మొదటి బస్సుకి వెళ్లాను. తోటలో మంచు ఇంకా విడలేదు. ఆవిడ ముందు నడుస్తూ, మాడిన చెట్లనీ మాడని చెట్లనీ వేలు పెట్టి చూపించింది. నేను భూతద్దం పట్టుకుని ఒక్కొక్క రెమ్మా చూసుకుంటూ వెళ్లాను. చాలాసేపు ఏమీ కనిపించలేదు. చివరికి ఆవిడే, "అదేటమ్మా, దోమలాంటిది?" అంది. లేత రెమ్మ మీద ఒక సన్నటి పురుగు, ఎరుపూ నలుపూ కలిసిన ఒళ్లు, పొడుగాటి మీసాలు. వీపు మీద గుండుసూది గుచ్చినట్టు ఒక చిన్న ముల్లు. సూదిలాంటి నోటిని రెమ్మలోకి దింపి రసం పీలుస్తోంది. అది లేచిపోయాక చూస్తే, ఆ చోట నీరు పట్టినట్టు చిన్న మచ్చ.

"ఇదే అయ్యుంటుంది పిన్నీ" అన్నాను. ఆవిడని పిన్నీ అని పిలవడం అలా మొదలైంది.

"అయ్యుంటాదా? అవునా?" అని అడిగింది.

ఆ తేడా పట్టుకునే మనిషి దగ్గర ఊరికే మాట చెప్పి తప్పించుకోలేం. చూపించాలి. ఆ సాయంత్రం ఇంటికి రాగానే నాన్నని అడిగాను. మెయిన్ రోడ్డు మీద మా ఇంటి ముందు గదిలోనే నాన్న దర్జీ కొట్టు. ఊళ్లో సగం మంది చొక్కాలు, చర్చికి వచ్చే మగవాళ్లందరి ప్యాంట్లు ఆయన మిషను కిందే తయారయ్యేవి. మితభాషి. పాత దోమతెర కత్తిరించి, జానెడు వెడల్పు, మూరెడు పొడవున్న సంచులు కుట్టిపెట్టమన్నాను.

"ఎన్ని?"

"ముప్ఫై."

"ఎవరికి?"

"జీడికొమ్మలకి."

ఆయన కళ్లజోడు పైనుంచి నన్నొకసారి చూసి, టేపు తీసుకున్నారు. "మూతికి నాడా పెట్టనా?" అన్నారు. అంతే.

ఇంకా మాడని లేత రెమ్మల్ని వెతికి, కొన్నిటికి ఉత్త సంచి కట్టాం. కొన్నిటికి సంచిలో ఆ పురుగుని పట్టి వేసి కట్టాం. దోమతెర కన్నాల్లోంచి మంచు లోపలికి పోతుంది, పురుగు పోదు. మంచే మాడ్చేటట్టయితే సంచులన్నిట్లోనూ రెమ్మలు మాడాలి. నాలుగు రోజుల తర్వాత పిన్ని, ఆవిడ తోటికోడలు, ఊళ్లో మరో ఏడెనిమిది మంది రైతులు చుట్టూ నిలబడగా సంచులు విప్పాం. పురుగు వేసిన రెమ్మలు నల్లబడ్డాయి. ఉత్త సంచి కట్టినవి మంచులో తడిసి కూడా నవనవలాడుతున్నాయి.

"ఓలమ్మో" అంది తోటికోడలు. "ఇన్నాళ్లూ మంచుని తిట్టీసేం గదే."

పచ్చగా మిగిలిన చెట్ల రహస్యం కూడా ఆ రోజే తెలిసింది. వాటి మీద ఆకుల్ని కలిపి కుట్టి గూడు కట్టుకునే ఎర్రచీమలు ఉన్నాయి. అవి ఆ పురుగుని చెట్టు మీద నిలవనివ్వవు. జీడిపిక్కలు ఏరేటప్పుడు కుడతాయని రైతులు ఏటా ఆ గూళ్లని కాల్చేసేవారు. ఇంటికొచ్చి చెబితే నాన్న చాలాసేపు నవ్వారు. "మా కులవృత్తి వాళ్లే" అన్నారు.

మంచుకి ఇందులో పాత్రే లేదని మాత్రం నేను ఆ రైతులకి చెప్పలేదు. మబ్బు పట్టి మంచు కురిసే రోజుల్లో ఆ పురుగు బాగా పెరుగుతుంది. రెండూ కలిసి వస్తాయి కాబట్టే పెద్దవాళ్లు కనబడేదాన్ని పట్టుకున్నారు, కనబడనిదాన్ని వదిలేశారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. వాళ్ల చేతిలో భూతద్దం లేదు, అంతే.

ఈ సంగతి పది ఊళ్లకి తెలియాలి. పత్రికలకి రాద్దామంటే ఎవరు వేస్తారు? కాలేజీ స్టోరు రూములో ఒక మూల విరిగిన నల్లబల్ల పడి ఉంటే అడిగి తెచ్చుకున్నాను. నాన్న కొట్టు ముందు అరుగు మీద గోడకి ఆనించి పెట్టాను. చింతపల్లి రోడ్డుకీ తుని రోడ్డుకీ పోయే జనం అటే నడుస్తారు. మొదటి రోజు ఇలా రాశాను: 'జీడిపూతని మాడ్చేది మంచు ఒక్కటే కాదు. పురుగు. లోపల ఉంది, వచ్చి చూడండి.' లోపల నాన్న మిషను పక్కన గాజు సీసాలో ఆ పురుగుల్ని, భూతద్దాన్ని పెట్టాను.

మొదట వచ్చినవాళ్లు నవ్వడానికే వచ్చారు. బోర్డు టీచరమ్మ అని పేరు పెట్టారు. ప్యాంటు కొలతలు ఇవ్వడానికి వచ్చిన ఒకాయన, "ఏటండీ, ఇప్పుడు ప్యాంటు కుట్టించుకోవాలంటే పురుగు పాఠం వినాలా?" అన్నాడు. నాన్న టేపు ఆయన నడుముకి చుడుతూ, "వినక్కర్లేదండి. సూస్తే సాలు" అన్నారు. ఆయన చూశాడు. చూసినవాడు భూతద్దం వదల్లేదు. వారం తిరిగేసరికి సంతకి వచ్చిన రైతులు సామాన్ల సంచులు అరుగు మీద పెట్టి వరసలో నిలబడ్డారు.

మూడో వారంలో పురుగుమందుల కొట్టు యజమాని వచ్చాడు. ఆయనది ఊళ్లో పెద్ద దుకాణం. మా కాలేజీ కమిటీలో సభ్యుడు. మా చర్చిలో మాకు రెండు వరసల ముందు కూర్చునేవాడు. చెడ్డవాడని చెప్పలేను. రైతులకి అరువుగా మందులిచ్చేవాడు, పలకరించేవాడు. చాలా సంతోషంగా వచ్చాడు.

"మంచి పని సేసేవమ్మా. మంచు మంచు అని మందు కొట్టడం మానీసేరు ఈ జనం. ఇప్పుడు కింద మన మందు పేరు కూడా రాసీ. పూత మీద వారానికోసారి కొట్టమని రాయి."

"పూత మీద వారానికోసారి కొడితే ఈగలూ తేనెటీగలూ చస్తాయండీ. అవి పువ్వు మీద వాలకపోతే పిందె పడదు."

"జీడికి గాలి సాలమ్మా. గాలికే పిందె పడిపోద్ది."

"పడదండి."

ఆయన ముఖంలో నవ్వు పోలేదు కానీ గట్టిపడింది. "నువ్వు పాఠం సెప్పుకునేదానివి. నేను ఇరవై ఏళ్లుగా ఈ రైతులతో ఉన్నాను. సీజన్లో ఇలాటి రాతలు రాస్తే ఎవరికి నష్టమో ఆలోచించుకో."

ఆలోచించుకున్నాను. మర్నాడు పొద్దున బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'పువ్వు విచ్చుకున్నాక పగటిపూట మందు కొట్టకండి. ముందు లేతాకు మీద పురుగు ఉందో లేదో చూడండి. లేకపోతే మందే అక్కర్లేదు. ఎర్రచీమల గూళ్లు కాల్చకండి.'

మధ్యాహ్నానికి అక్షరాలు చెరిపేసి ఉన్నాయి. మళ్లీ రాశాను. మర్నాడు మళ్లీ చెరిపేశారు. ఎవరో నేను చూడలేదు, వెతకలేదు కూడా. నా దగ్గర చాక్‌పీసుల డబ్బా ఉంది. తొమ్మిది రోజులు ఇదే ఆట. పదో రోజు నాన్న మిషనుని గుమ్మం లోంచి అరుగు మీదకి జరుపుకుని, బోర్డు పక్కనే కూర్చుని కుట్టడం మొదలుపెట్టారు. ఎందుకని అడిగితే, "లోపల వెలుగు సాలటం లేదు" అన్నారు. ఇరవై ఏళ్లు ఆ వెలుగులోనే కుట్టిన మనిషి. ఆ తర్వాత ఎవరూ చెరపలేదు.

మందుల కొట్టు యజమాని తన చొక్కా తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు బోర్డు మాటే ఎత్తాడు. "పెద్దమనిషివి, నువ్వైనా అమ్మాయికి సెప్పు. ఈ బోర్డు తీసీమను." నాన్న చొక్కాకి గుండీ కుడుతున్నారు, తలెత్తలేదు. "సొక్కా అయిదు నిమిషాల్లో ఇస్తానండి. బోర్డు నాది కాదు. మా అమ్మాయిని అడగండి."

ఆయన నన్ను అడగలేదు. మా ప్రిన్సిపాల్‌ని అడిగాడు. ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, ఒక తెల్లకాగితం ముందు పెట్టారు. బోర్డు మీద రాసింది నా సొంత అభిప్రాయమనీ, దానికి ఆధారం లేదనీ, ఇకమీదట రాయననీ రాసి సంతకం చేయాలట. ఆయనకీ ఇష్టం లేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"చిన్న కాగితం అమ్మా. ఎవరూ చదవరు. ఫైల్లో ఉంటుంది."

"ఆధారం లేదని ఎలా రాయమంటారు సార్? ఇదే కాలేజీలో పువ్వు భాగాలు గీయించి పిల్లలకి మార్కులేస్తున్నాను. తరగతి గదిలో నిజమైంది రోడ్డు మీద అబద్ధం అవుతుందా?"

"ఉద్యోగం చూసుకో."

"ఇదే నా ఉద్యోగం అనుకుంటున్నాను సార్."

ఏప్రిల్ నుంచి రానక్కర్లేదన్నారు. నిజం చెప్పాలి, బయటికి వచ్చి సైకిలు స్టాండు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ధైర్యంగా మాట్లాడిన నోరు నాదేనా అనిపించింది. ఇంటికెళ్లి చెబితే అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ట్యూషన్లు సెప్పుకో. గది ఖాళీ సేసేను" అంది.

కానీ దానికంటే ముందు మార్చిలో తేలాల్సిన పని ఒకటి మిగిలింది. గాలి చాలు అని యజమాని ఊరంతా చెబుతున్నాడు. పూత విచ్చుకునే ముందే పిన్ని తోటలో ఇరవై పూత రెమ్మలకి దోమతెర సంచులు కట్టి ఉంచాను, గాలి ఆడుతుంది, ఈగ దూరదు. పక్కనే ఇరవై రెమ్మలకి రంగు దారం కట్టి వదిలేశాను. విప్పే రోజు ఫలానా అని బోర్డు మీద రాసి, యజమానిని కూడా కబురు పెట్టి పిలిచాను. వస్తాడనుకోలేదు. మోటారు సైకిలు మీద వచ్చాడు. ఆ ధైర్యానికి ఇప్పటికీ ఆయన్ని గౌరవిస్తాను.

తోటలో నలభై యాభై మంది దాకా ఉన్నారు. రంగు దారం కట్టిన రెమ్మలకి పిక్కలు వేలాడుతున్నాయి. నేను సంచులు ఒక్కొక్కటే విప్పుతున్నాను. పిన్ని గట్టిగా చెబుతోంది. "నేదు. ఇందులో నేదు. ఇందులోనీ నేదు." జనంలోంచి నవ్వులు, ఈలలు. పదమూడో సంచి విప్పగానే నా చేతులు ఆగిపోయాయి. రెండు పిందెలు.

యజమాని ముందుకొచ్చాడు. "ఇదేటి మరి? ఈగ నేకుండా ఎలా పడ్డాయి?"

అందరూ నా వైపే చూస్తున్నారు. సంచి ఎక్కడో చిరిగిందని చెప్పొచ్చు. నాడా వదులైందని చెప్పొచ్చు. తిప్పి తిప్పి చూశాను. చిరగలేదు. నాన్న కుట్టు అది, ఎందుకు చిరుగుతుంది? ఆ నిమిషంలో ఏదో ఒకటి చెప్పేస్తే పనైపోయేది. నోటి దాకా వచ్చింది.

"తెలీదండీ" అన్నాను.

"తెలీదా?"

"తెలీదు. చిన్న చీమ దూరి ఉండొచ్చు. అదే రెమ్మ మీద పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి రాలి ఉండొచ్చు. ఏదో చెప్పలేను. మిగతావి కూడా విప్పుతాను, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి."

మిగతా ఏడు సంచుల్లో ఏమీ లేదు. మర్నాడు బోర్డు మీద అంతా రాశాను, ఆ రెండు పిందెలతో సహా. చివర, 'ఆ రెండూ ఎందుకు పడ్డాయో నాకు తెలియదు. తెలిశాక రాస్తాను' అని రాశాను. ఇక నా పని అయిపోయిందనే అనుకున్నాను. జరిగింది వేరు. పాయకరావుపేట నుంచి వచ్చిన ఒక ముసలి రైతు అరుగు మీద కూర్చుని బోర్డంతా మనవరాలి చేత చదివించుకుని, నాన్నతో అన్నాడు, "మందుల కొట్టాయన ఎప్పుడూ తెలీదనడు. మీ అమ్మాయి అంది. ఈవిడి మాట నమ్మొచ్చు."

యజమాని మారిపోయాడని చెప్పను. మందులు అమ్ముతూనే ఉన్నాడు, ఆదివారాలు మాకు రెండు వరసల ముందే కూర్చున్నాడు. కానీ రైతులు పూత మీద పగలు మందు కొట్టడం ఆ చుట్టుపక్కల ఊళ్లలో బాగా తగ్గింది. కొంతమంది ఎర్రచీమల్ని వదిలేశారు. కొంతమంది కుడుతున్నాయని మళ్లీ కాల్చారు. పిన్ని మాత్రం గూడున్న చెట్టు నుంచి లేని చెట్టుకి తాడు కట్టి చీమలకి దారి వేసింది. ఆ ఉపాయం నేను చెప్పలేదు, ఆవిడదే.

ఉద్యోగం పోయాక బోర్డుకి తీరిక ఎక్కువైంది. రెండువేల సంవత్సరం దాటాక దాని మీద ఎండ వేడిమి, వాన కూడా రాయడం మొదలుపెట్టాను. కొట్టు నీడన థర్మామీటరు, డాబా మీద వాన కొలిచే గొట్టం. పిన్ని వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు పూత ఎప్పుడొచ్చింది, మంచు ఎన్నాళ్లుంది పిల్లల పాత నోటు పుస్తకాల్లో రాసి పంపేవారు. ఒక వేసవి మహా ఘోరంగా కాసింది. ఊళ్లో వడదెబ్బ చావులు విన్నాం. భూమి వేడెక్కుతోందనే మాట అప్పటికి పేపర్లలో వస్తోంది. బోర్డు ముందు అందరిదీ ఒకటే ప్రశ్న, ఇది అదేనా అని.

ఒక్క వేసవి చూసి అవుననకూడదు, కాదనీ అనకూడదు. 'వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు' అని రాసి, కింద పుస్తకంలో ఉన్న నిర్వచనం రాశాను. అందరూ చదివారు. ఎవరికీ అర్థం కాలేదు. నాకే విసుగొచ్చి పిన్నితో మొర పెట్టుకున్నాను. ఒక రోజు సంగతి వేరు, ముప్ఫై ఏళ్ల తీరు వేరు అని చేతులూపుతూ చెబుతుంటే ఆవిడ కాసేపు విని, "అంతేనా?" అంది.

"ఓ ఇంటికి బోజనానికెల్లేవనుకో. ఆ రోజు కూరలో ఉప్పెక్కువైంది. అది ఒకటి. ఆ ఇంట్లో ఎప్పుడు తిన్నా ఉప్పెక్కువే. అది ఇంకోటి. ఒక్క రోజు తినేసి ఆ ఇంటి సెయ్యి ఎలాటిదో సెప్పగలమేటి? పది పూటలు తినాల గదా."

నిర్వచనం చెరిపేసి, ఆ మాటలు అలాగే రాశాను. నేను ఎంత చెప్పినా ఎక్కనిది మర్నాటికి టీ కొట్ల దగ్గర జనం ఒకరికొకరు చెప్పుకున్నారు. "ఈ ఎండ ఒక్క పూట ఉప్పా, ఇంటి సెయ్యా?" అని అడగడం వచ్చేసింది. ప్రపంచమంతటా చాలా ఏళ్లుగా కొలిచినవాళ్లు చెప్పేదాన్ని బట్టి ఇది ఇంటి చెయ్యే అని నేను చెప్పడం కూడా అప్పుడే కుదిరింది.

కొన్నాళ్లకి ఒక ప్రభుత్వ శాఖ వాళ్లు ఊళ్లో ఎండల గురించి అవగాహన సదస్సు పెట్టారు. బోర్డు పేరు విని నన్నూ మాట్లాడమన్నారు. నాన్న నా కోసం కొత్త జాకెట్టు కుట్టారు. వేదిక ఎక్కబోతుంటే ఒక అధికారి టైపు చేసిన రెండు కాగితాలు చేతికిచ్చి, "ఇది చదివేయండి మేడం, బేగి అయిపోవాలి" అన్నారు. నిలబడే చదువుకున్నాను. పల్లె జనం కట్టెల పొయ్యిలు, కొండవాళ్ల పోడు, పశువులు, వీటి వల్లే భూమి వేడెక్కుతోందట. మీరు మారాలి, మీరు మానాలి. పేజీ నిండా అదే.

ఎదురుగా హాలు నిండా ఆ మీరే కూర్చుని ఉన్నారు. పిన్ని మూడో వరసలో ఉంది.

మైకు దగ్గరికి వెళ్లి కాగితాలు మడిచాను. "ఇందులో మీ పొయ్యి పేరుంది, మీ ఆవు పేరుంది. బొగ్గు పేరు లేదు. పెట్రోలు పేరు లేదు. ఫ్యాక్టరీ పేరు లేదు. సైకిలు మీద తిరిగేవాడికీ విమానంలో తిరిగేవాడికీ ఒకే తప్పు అంటగట్టే కాగితం నేను చదవను. నాకు తెలిసింది చెబుతాను" అన్నాను.

మూడు వాక్యాలు చెప్పేసరికి మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అధికారి చేత్తో దిగిపొమ్మని సైగ చేస్తున్నారు. ఎనభై మంది పిల్లలున్న క్లాసులో ఏళ్ల తరబడి అరిచిన గొంతు నాది. మైకు పక్కకి జరిపి, వేదిక అంచుకి వచ్చి నిలబడి మాట్లాడాను. చివరి వరసలో వాళ్లు కుర్చీలు ముందుకి లాక్కున్నారు. ఇరవై నిమిషాలు. ఒంటికి చెమట ఎందుకు పడుతుంది, గాలిలో తేమ ఎక్కువైతే ఆ చెమట ఎందుకు ఆరదు, ఆరకపోతే లోపలి వేడి ఎటూ పోక మనిషి ఎలా పడిపోతాడు, మధ్యాహ్నం పొలంలో ఉన్నవాళ్లకి ముందుగా కనబడే గుర్తులేంటి, అవి చెప్పాను. దిగుతుంటే పిన్ని, "గొంతు పోయిందేటి? నీళ్లు తాగు" అని చెంబు ఇచ్చింది.

మళ్లీ ఏ సదస్సుకీ నన్ను పిలవలేదు. నేనే బస్సెక్కి వెళ్లాను. మొదటిసారి రావికమతం దగ్గర ఒక ఊరి రేకుల షెడ్డులో, చెరకు కొట్టే ఆడవాళ్లతో కూర్చున్నాను. ఒకామె సూటిగా అడిగింది. "ఈ ఎండలు తగ్గుతాయా, నేదా?"

"మన కాలంలో తగ్గవమ్మా. ఇంకా పెరుగుతాయి" అన్నాను.

ఒక ముసలావిడ, "ఇన్నాళ్లూ మాకెవులూ సెప్పలేదేటి?" అంది. దుఃఖంగా అనలేదు, కోపంగా అంది. ఆ కోపం నాకు నచ్చింది. అప్పుడు మొదలైంది అసలు మాట. పని ఎప్పుడు మొదలెట్టాలి, ఎప్పుడు ఆపాలి, నీళ్లు ఎక్కడ పెట్టాలి, ఎవరి ఒళ్లు కాలుతోందో ఎవరు కనిపెట్టాలి. వాళ్లు అడిగినవాటికి నేను జవాబులు చెప్పానంతే. నిర్ణయాలు వాళ్లవి.

ఆ వేసవిలో ఆ ఊరి ఆడవాళ్లు చీకటితో పొలంలో దిగి, పదిన్నరకల్లా కత్తులు కింద పెట్టి నీడకి వచ్చేశారు. ఒకరిద్దరు కాదు, అందరూ ఒకేసారి. మిగతా పని పొద్దు వాలాక. చెరకు తోట ఆసామి మూడు రోజులు కేకలేసి, నాలుగో రోజు నా దగ్గరికి మనిషిని పంపాడు. తన కూలీలకి నేనేం నూరిపోశానో చెప్పమన్నాడట.

"చెమట గురించి చెప్పానని చెప్పు" అన్నాను. "కావాలంటే ఆయన్నీ రమ్మను. ఆయనకీ చెబుతాను."